బంధువు దావా వేస్తే

అప్పు ఇచ్చిన మామూ కోర్టుకెక్కాడని తెలియగానే మన ఇళ్లలో మొదట జరిగేది రాకపోకలు బందు కావడం. ఆడవాళ్లు దావతులకు పోరు. మగవాళ్లు ఈద్ నమాజు తరువాత ముఖం తిప్పుకుంటారు. రక్తసంబంధం ఉండి కోర్టుకు లాగుతాడా అన్న మాట మొహల్లా అంతా తిరుగుతుంది. తీసుకున్న డబ్బు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ తీరు మాకు సబబుగా తోచడం లేదు.

అడిగే హక్కు ఇచ్చినవాడిది. తన బాకీ కోసం ఒకడు దైవప్రవక్త (స)తోనే పరుషంగా మాట్లాడితే సహాబాలు అతని మీదికి పోబోయారు. ప్రవక్త (స) వారిని వారించి, హక్కుదారుకు మాట్లాడే అధికారం ఉందని చెప్పి, అతనికి రావలసిన దానికన్నా మేలైన ఒంటెను ఇప్పించారు. దావా కూడా అలా అడగడమే.

సమన్లు తీసుకోకుండా తలుపు వేసుకుంటే కేసు ఆగుతుందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. ఆగదు. కాగితం తలుపుకు అంటించి పోతారు, కోర్టు దాన్ని అందినట్టే లెక్క కట్టవచ్చు. మామూలు దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే గడువు 90 రోజుల వరకు పెరగవచ్చు. హాజరే కాకపోతే ఏకపక్షంగా డిక్రీ అయిపోతుంది.

జవాబులో నిజమే రాయించాలి. 50,000 తీసుకుని 20,000 తిరిగి ఇచ్చి ఉంటే ఆ మాటే చెప్పాలి. నోటు వెనుక చెల్లు వేయించుకోకపోవడం మన కుటుంబాల పాత జబ్బు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (బఖర 282) అప్పు రాసుకోవడం గురించే అని తెలిసీ, మనవాడే కదా కాగితం దేనికి అంటాం. చెల్లు లేకపోతే బ్యాంకు లెక్కలు, పక్కనున్న సాక్షులు వెతుక్కోవాలి. అంతేగానీ సంతకమే నాది కాదని రాయించడం అబద్ధపు సాక్ష్యానికి మెట్టు. ఆ సలహా ఇచ్చిన వకీలు ఫీజుకు మళ్లీ అప్పు చేస్తారు, అది వేరే కథ.

చిక్కంతా కాలదోషం దగ్గర. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు 3 ఏళ్లు దాటితే, ఆలోగా సంతకంతో చెల్లు గానీ ఒప్పుకోలు గానీ లేకపోతే, దావా నిలవదు. ఆ వాదన చట్టం ఇచ్చిన హక్కే. కానీ కోర్టులో కేసు కొట్టేస్తే అల్లాహ్ దగ్గర బాకీ కొట్టేసినట్టు కాదు. గెలిచి ఇంటికి వచ్చినవాడు కూడా ఆ డబ్బు తీర్చవలసిందే.

తండ్రి అప్పు మీద దావా వస్తే బెదరనక్కరలేదు. చట్టప్రకారం వారసుల బాధ్యత తమకు సంక్రమించిన ఆస్తి మేరకే.

రాజీ అన్నిటికన్నా మేలు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) మస్జిదులో తన బాకీదారుతో గొంతు పెంచినప్పుడు ప్రవక్త (స) బయటికి వచ్చి సగం తగ్గించమని సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే రెండోవాడితో లేచి చెల్లించమన్నారు. మన పెద్దలు పంచాయతీల్లో ఈ రెండో మాట మరిచిపోతారు. తగ్గించమని ఇచ్చినవాడిని ఒత్తిడి చేస్తారు, మిగతాది ఎప్పుడిస్తావని తీసుకున్నవాడిని అడగరు.

లోక్ అదాలత్‌లో రాజీ పడితే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, వాదికి కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. రాజీ కుదరకపోయినా, ఒక్కసారిగా కట్టలేని స్థితి చూపించి కిస్తీలు ఇప్పించమని కోర్టును డిక్రీ సమయంలోనే అడగవచ్చు. కిస్తీ కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి, పుచ్చుకునేది సొంత మామూ అయినా సరే.