పాచికి పెళ్లి భోజనం పెట్టింది మనమే!

కొత్తగా పెట్టిన ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక మీద గోధుమ రంగు పొర కనిపించిందా? కంగారు పడకండి. ఆ కంగారులోనే నేను నాలుగు నత్తల్ని చంపుకున్నాను.

పోయినేడాది హైదరాబాద్‌లో మా ఫ్లాట్ హాల్లో 100 లీటర్ల ట్యాంక్ పెట్టా. సముద్రపు ఉప్పు కలిపి, రాళ్లు, తెల్ల ఇసుక వేసి, చేపల్లేకుండానే ఐదు వారాలు నడిపించా. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే రెండు క్లౌన్ ఫిష్‌లు (అదే, మన నీమో చేపలు), నాలుగు నత్తలు తెచ్చా. అంతా పద్ధతి ప్రకారమే చేశాననుకున్నా.

మూడో వారంలో ఇసుక మీద గోధుమ రంగు దుమ్ములాంటిది మొదలైంది. తుడిస్తే మర్నాటికి మళ్లీ హాజరు. ఆ తర్వాత రాళ్ల మీద పచ్చగా జుట్టులాంటి పాచి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఏంటిది, కడగవా?" అనడమే. ఇక ఆగలేక ఓ షాపులో అడిగితే చిన్న సీసా ఇచ్చి, "రెండ్రోజుల్లో క్లియర్ సార్" అన్నారు. ఆఫీసులో ఎర్రర్ మెసేజ్ చదవకుండా కోడ్ మార్చేవాళ్లని తిట్టే నేను, సీసా మీద లేబుల్ చదవకుండానే వేసేశా.

అందులో ఉన్నది కాపర్. నత్తలకి, రొయ్యలకి, పగడాలకి అది విషం. పొద్దున లేచేసరికి నత్తలన్నీ వెల్లకిలా పడున్నాయి. సాయంత్రానికి అమోనియా పెరిగింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చచ్చిన నత్తల్ని తీసేసి, ఎయిర్ పంప్ పెట్టి, అర్ధరాత్రి దాకా నీళ్లు మార్చా. అదృష్టం, చేపలు బతికాయి.

మర్నాడు మా మావయ్యకి ఫోన్ చేశా. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువుంది.

"మేత ఎన్నిసార్లేస్తున్నావురా అల్లుడూ?"

"మూడుసార్లు మావయ్యా."

"రెండు చేపలకా! మరి లైటు?"

"పన్నెండు గంటలు."

ఆయన నవ్వాడు. "పాచికి పెళ్లి భోజనం పెట్టి, వచ్చిందని ఏడుస్తావేంట్రా? పాచి రోగం కాదు. నీళ్లలో మేత మిగిలిపోతోందని చెప్పే గుర్తు."

అప్పుడు కూర్చుని అసలు కారణాలు వెతికా.

గోధుమ రంగువి డయాటమ్‌లు. సిలికాతో గూడు కట్టుకునే సూక్ష్మజీవులు. ఆ సిలికా ఎక్కువగా నీళ్లతోనే వస్తుంది. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు దీనికి చాలవు. చాలా మెషీన్లు రుచి కోసం ఖనిజాల్ని మళ్లీ కలుపుతాయి. ఆర్‌ఓ తర్వాత డీఐ ఫిల్టర్ కూడా ఉండి, టీడీఎస్ మీటర్ సున్నా చూపించే నీళ్లు కావాలి. కొత్త ట్యాంకుల్లో డయాటమ్‌లు రావడం మామూలే. నీళ్లు బాగుంటే కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

పచ్చ పాచి బతికేది నైట్రేట్, ఫాస్ఫేట్, వెలుతురు మీద. మొదటి రెండూ మిగిలిన మేత నుంచీ, చేపల వ్యర్థాల నుంచీ వస్తాయి. అందుకే మేత రోజుకొక్కసారి, అదీ రెండు నిమిషాల్లో తినేసేంతే వేయడం మొదలుపెట్టా. లైటుకి టైమర్ పెట్టి ఏడు గంటలకి తగ్గించా. వారానికోసారి 10 శాతం నీళ్లు మార్చా. నీళ్లు మార్చే ముందు పాత టూత్ బ్రష్‌తో రాళ్లు రుద్ది, ఊడిన పాచిని పైపుతో లాగేశా. ఇంకోటి, ఆవిరైన నీటి స్థానంలో ఉప్పు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. మంచినీళ్లే పోయాలి.

గోధుమ పొర మూడు వారాల్లో పోయింది. పచ్చ పాచి తగ్గడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. కాపర్ సంగతి ఇంకా మొండిది. అది రాళ్లకీ ఇసుకకీ పట్టుకుని కూర్చుంటుంది. ఇసుక మార్చి, ఫిల్టర్‌లో కార్బన్ పెట్టి, కాపర్ టెస్ట్ వరుసగా సున్నా చూపించేదాకా కొత్త నత్త తేలేదు.

పోయిన వారమే ఒకటి తెచ్చా. అద్దం మీద అది పాకిన దారంతా తళతళలాడుతోంది. మిగతా చోట్ల ఇంకా కాస్త పచ్చగానే ఉంది. ఉండనీ, దానికీ తిండి కావాలిగా!