ఆటస్థలమా? అంగడివీధా?

విద్యాలయానికి గ్రంథాలయం ఎంత అవసరమో, క్రీడాస్థలం కూడా అంతే అవసరం. ఆట శరీరానికి దార్ఢ్యాన్ని, మనస్సుకు సంయమనాన్ని అలవరుస్తుంది. అయితే ఆట విద్యకు తోడుగా నిలవక, విద్యనే తన వెంట ఈడ్చుకొనిపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు అమెరికా విశ్వవిద్యాలయాల ఇటీవలి చరిత్ర సమాధానం చెబుతుంది.

ఆ దేశంలో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి క్రీడా సమాఖ్యలుగా ఏర్పడతాయి. వీటినే 'కాన్ఫరెన్సులు' అంటారు. ఒక సమాఖ్యలోని జట్లు ఏటా తమలో తాము పోటీపడతాయి. తొలినాళ్లలో వీటికి ఇరుగుపొరుగుతనమే ఆధారం. 1915లో పసిఫిక్ తీరంలో పుట్టి, కాలక్రమంలో 'పాక్-12'గా పేరొందిన సమాఖ్య అటువంటిదే. అందులోని జట్ల మధ్య తరతరాల స్నేహమూ ఉండేది, స్పర్ధా ఉండేది.

1984లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో, ఫుట్‌బాల్ పోటీల ప్రసారాలపై జాతీయ క్రీడాసంఘానికి గల పెత్తనం తొలగిపోయింది. నాటి నుండి విశ్వవిద్యాలయాలు, సమాఖ్యలు టెలివిజన్ సంస్థలతో నేరుగా బేరమాడసాగాయి. ఎంత ఎక్కువమంది ప్రేక్షకులుంటే అంత ధనం! 2022లో 'బిగ్ టెన్' సమాఖ్య ఏడేళ్లకు కుదుర్చుకొన్న ఒప్పందాల విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటేనని వార్తలు వెలువడ్డాయి. ఆ ఏడాదే లాస్ ఏంజెలస్‌లోని రెండు ప్రసిద్ధ విశ్వవిద్యాలయాలు పాక్-12ను వీడి, బిగ్ టెన్‌లో చేరనున్నట్లు ప్రకటించాయి. 2023లో మరో ఎనిమిది విద్యాసంస్థలు తలా ఒక దారి చూసుకొన్నాయి. 2024 నాటికి పన్నెండింటిలో మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాలు మాత్రమే. నూరేళ్లకు పైబడిన బంధం రెండేళ్లలో తెగిపోయింది.

ఈ మార్పులతో పేర్లకు అర్థమే లేకుండా పోయింది. పేరులో పదిని నిలుపుకొన్న బిగ్ టెన్‌లో 2024లో సభ్యుల సంఖ్య పద్దెనిమిదికి చేరింది. పసిఫిక్ తీర రాష్ట్రమైన కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ 'అట్లాంటిక్ తీర సమాఖ్య'లో చేరింది!

ఫుట్‌బాల్ ఆర్జనే ఇతర క్రీడలను పోషిస్తున్నదని ఈ మార్పులను సమర్థించేవారు వాదిస్తారు. ఆ వాదనలో సత్యం లేకపోలేదు. కాని ఫుట్‌బాల్ జట్టు సాధారణంగా వారానికి ఒక్కసారి మాత్రమే ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వంటి ఆటలలో పోటీలు అంతకంటె ఎక్కువ. లాస్ ఏంజెలస్ నుండి, అదే సమాఖ్యలోని న్యూజెర్సీ విశ్వవిద్యాలయమైన రట్గర్స్‌కు దూరం దాదాపు 3,900 కిలోమీటర్లు. రెండు చోట్లకూ మూడు గంటల కాలభేదం ఉంది. అంత దూరం వెళ్లి ఆడి వచ్చిన విద్యార్థిని మరునాడు తరగతిలో ఏ ఏకాగ్రతతో కూర్చుంటుంది? ఆర్జన ఒకరిది, అలసట మరొకరిది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. ఫుట్‌బాల్‌కు దేశవ్యాప్తమైన ఏర్పాటును విడిగా ఉంచి, తక్కిన ఆటలను ప్రాంతీయ సమాఖ్యలకు అప్పగించవచ్చు. అప్పుడు ఆదాయానికి లోటు రాదు, చదువుకు చేటు రాదు.

క్రీడాకారుల చొక్కాపై మెరిసేది విద్యాలయం పేరే. ధనం ఆటను పోషించవచ్చు, తప్పులేదు. కాని ఆ చొక్కా తొడుక్కొన్నవారు మొదట విద్యార్థులనే సంగతిని మరపింపజేసే ధనం ఎంతటిదైనా, అది విద్యాలయానికి లాభం కాదు, నష్టమే.