మద్దెల ఓడే అయితే: పనిముట్లు వాడేవాళ్ల ప్రణాళిక

ఆడలేక మద్దెల ఓడన్నాడని మన మీద తరతరాలుగా విసురుతున్న సామెత ఒకటుంది. పని చెడితే తప్పు చేతిదే, పనిముట్టును ఆడిపోసుకోకు అని దాని భావం. వడ్రంగం, వైరింగు, ప్లంబింగు, వెల్డింగు, ఏసీ రిపేరు, మోటారు మెకానిజం చేసుకుని బతికేవాళ్లం ఈ ప్రణాళికతో చెప్పదలచుకున్నది ఒక్కటే: చాలాసార్లు మద్దెల నిజంగానే ఓడు. దాన్ని అమ్మినవాడు హాయిగా ఉన్నాడు, వాయించినవాడు మాట పడుతున్నాడు. ఇకమీదట ఏది ఓడో, ఏది గట్టిదో మనమే తేల్చి, రాసిపెట్టి, నలుగురికీ చెబుదాం.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, మండల కేంద్రంలోని హార్డ్‌వేర్ షాపులోనో గ్రైండరు అడిగి చూడండి. "కంపెనీదా, లోకలా?" అంటాడు షాపాయన, లోకంలో ఉన్నవి ఆ రెండు రకాలే అన్నట్టు. తర్వాత పెట్టె మీది వాట్లు చూపిస్తాడు. ఆ వాట్లు సాధారణంగా మిషను లాగే కరెంటు లెక్క, మనకు అందే బలం లెక్క కాదు. 850 అని రాసినది 600 దానికన్నా గట్టిదని ఆ అంకె ఒక్కటీ చూసి చెప్పలేం. లోపలి తీగ రాగిదా అల్యూమినియందా, గేరు ఎలాంటిది, బేరింగు ఎవరిది అనేవి పెట్టె మీద ఉండవు. చివరికి మనవాడు రంగు చూసి, ధర చూసి, పక్కవాడి మాట విని కొంటాడు. ఆ పక్కవాడూ అలాగే కొని ఉంటాడు.

ధర సంగతి దాటవేయం. రెండు వేల మిషను ఒకటి, మూడున్నర వేల మిషను ఒకటి ఉన్నాయనుకోండి. ఒప్పుకున్న పని మధ్యలో చవకది ఆగిపోతే ఆ రోజు కూలి, హెల్పరుకు ఇవ్వాల్సిన డబ్బు, ఇంటి యజమాని సణుగుడు, అన్నీ కలిపి ఆ పదిహేను వందల తేడా సాయంత్రానికే తీరిపోతుంది. లెక్క అందరికీ తెలుసు. కానీ కొనే రోజున జేబులో ఆ పదిహేను వందలు లేనివాడికి ఈ లెక్క చెప్పి ఏం లాభం? అందుకే "మంచి కంపెనీది కొను తమ్ముడూ" అని ఉపదేశం చేయడానికి మేము పుట్టలేదు. రోజూ చేతిలో ఉండేది ఎవరిది వాళ్లు మంచిది కొనుక్కోవాలి. నెలకొకసారి అవసరమయ్యే డిమాలిషన్ హ్యామరు లాంటివి నలుగురు కలిసి కొనుక్కోవాలి. ఈ రెండింటికీ చీటీ కట్టుకునే పద్ధతి మన పేటల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

ఇక అసలు విషయం. నమ్మకమైన కంపెనీ అంటే మిషను ఎప్పటికీ పాడవని కంపెనీ అనుకుంటున్నారు. అలాంటిది లేదు. గ్రైండరులో కార్బన్ బ్రష్‌లు ఉన్నది అరగడానికే. అవి అరిగి పొట్టివైనా మార్చకుండా తిప్పితే నిప్పురవ్వలు లేచి ఆర్మేచరు మీది రాగి కమ్యుటేటరు పాడవుతుంది. వందో నూటయాభయ్యో పెడితే పోయేది వేలకు తెస్తుంది. కాబట్టి షాపులో అడగాల్సిన ప్రశ్న "ఎన్నాళ్లు వస్తుంది?" కాదు. "దీని కార్బన్లు ఉన్నాయా? ఆర్మేచరు ఉందా? స్విచ్చి ఉందా? తీసి చూపించు" అనాలి. విడిభాగం మన ఊళ్లో, మరీ కాదంటే జిల్లా కేంద్రంలో దొరికే మిషనే నమ్మకమైన మిషను. జర్మనీలో ఎంత పేరున్నదైనా దాని స్విచ్చి కోసం మూడు వారాలు ఆగాల్సి వస్తే మనకు అది పనికిరాని మిషనే.

ఈ విషయంలో సిసలైన నిపుణుడు వైండింగ్ షాపు ఆయన. ఏ కంపెనీ ఆర్మేచరు తరచుగా కాలి వస్తోంది, ఏ మోడలులో గేరు పళ్లు రాలుతున్నాయి, ఏది పదేళ్ల తర్వాత కూడా బేరింగు మార్చుకుని తిరిగి పనిలోకి వెళుతోంది, అన్నీ ఆయన బల్ల మీదే తేలతాయి. ఆయన్ని ఇంతవరకూ ఏ కంపెనీ అడగలేదు, మనమూ అడగలేదు. ప్రకటనల్లో కనిపించే హీరో ఏనాడూ గోడకు రంధ్రం వేసి ఉండడు. జపాన్ పనిముట్ల కంపెనీ మకీటా 1915లో నగోయాలో మోటార్లు, దీపాల సామాను అమ్ముతూ బాగుచేస్తూ మొదలైంది. అంటే వాళ్ల మూలమూ మన వైండింగ్ షాపు లాంటిదే. 1978లో రీచార్జి చేసే డ్రిల్లు ఒకటి కూడా వాళ్లు బయటికి తెచ్చారు.

పేరు మీద గుడ్డి నమ్మకం ఎందుకు పనికిరాదో యజమానుల జాబితా చూస్తే తెలుస్తుంది. స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ 2010లో ఒక్కటయ్యాయి. డివాల్ట్ వాళ్లదే, ఇర్విన్ వాళ్లదే, క్రాఫ్ట్స్‌మన్ కూడా 2017 నుంచి వాళ్లదే. అమెరికా పేరున్న మిల్వాకీ 2005 నుంచి హాంకాంగ్ కంపెనీ టీటీఐది. హిటాచీ పవర్ టూల్స్ 2018లో హైకోకీ అయ్యాయి. యజమాని మారితే సరుకు చెడిందని తీర్పు చెప్పేయడం కూడా తప్పే; మిల్వాకీకి గౌరవం ఆ తర్వాతే పెరిగిందనేవాళ్లు చాలామంది. మేము చెప్పేది ఇంతే: నాన్న కొన్న పేరు, మనం కొంటున్న పేరు ఒకటే కావచ్చు, వస్తువు ఒకటే కానక్కర్లేదు.

బ్లాక్ అండ్ డెక్కర్ కథ మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పిస్టల్ పిడి, ట్రిగ్గరు ఉన్న డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందిన కంపెనీ అది. తర్వాతి కాలంలో ఇంట్లో వాడే చిన్నాచితకా వస్తువుల మీద కూడా అదే పేరు వేసి అమ్మింది. దాంతో అమెరికా మేస్త్రీలు ఇది పనివాళ్ల కంపెనీ కాదనుకుని మకీటా వైపు మళ్లారు. ఎవరూ ధర్నా చేయలేదు, కొనడం తగ్గించారు, అంతే. దిక్కుతోచక ఆ కంపెనీ 1960లో తాను కొనుక్కున్న డివాల్ట్ పేరును బయటికి తీసి, 1992లో పసుపు రంగు వేసి, పనివాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక వరస మొదలుపెట్టింది. పనివాడి నోటి మాటకు అంత బలం ఉంది. మన మాటకూ ఉంది. అది చెదిరిపోయి ఉంది కాబట్టే ఎవరికీ వినబడటం లేదు.

కాబట్టి ఈ ఉద్యమం చేసే మొదటి పని ఒక చిట్టా. ప్రతి ఊళ్లో, ప్రతి అడ్డా దగ్గర ఒక పుస్తకం. ఏ కంపెనీ, ఏ మోడలు, ఎప్పుడు కొన్నాం, ఏ పనికి వాడాం, ఏది పోయింది, విడిభాగం ఎంతకు దొరికింది, సర్వీసు సెంటరు వాళ్లు ఎన్నాళ్లు తిప్పారు. కోపంతో రాసిన తిట్లు అందులో ఉండకూడదు. ఒక్కడి మిషను పోతే అది ఒక సంఘటన, పదిమందివి ఒకే చోట పోతే అది మోడలు లోపం. వైండింగ్ షాపుల వాళ్లు ఈ చిట్టాకు న్యాయనిర్ణేతలు. కంపెనీల నుంచి ఉచితంగా మిషన్లు గానీ, కమిషన్ గానీ, చివరికి టీషర్టు గానీ ఈ సంఘంలో ఎవరూ తీసుకోకూడదు. తీసుకున్నవాడు చిట్టాలో రాయడానికి వీల్లేదు.

చిట్టా నిండేదాకా ఏం కొనాలంటే, ఇప్పటికి మా అంచనా ఇది. కటింగ్ ప్లేయరు, పానాలు, స్క్రూడ్రైవర్లకు నాసిక్ తపారియాతో మొదలుపెట్టండి. ఆకురాళ్లకు జేకే. గ్రైండరు, డ్రిల్లు అయితే విడిభాగాలు విరివిగా దొరుకుతున్నాయి కాబట్టి బోష్ నీలం రంగువి, లేదా మకీటా. బోష్ ఆకుపచ్చ రంగు వరస ఇంటి అవసరాలకు చేసింది, దాన్ని సైటు మీదికి తెచ్చి తిట్టకండి. అమెరికాలో ఉన్న మేనల్లుడు ప్రేమతో తెచ్చే డ్రిల్లు 120 వోల్టులది. మన 230లో పెడితే ఆ ప్రేమ అప్పుడే కాలిపోతుంది.

బ్యాటరీ మిషన్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఒకడు 18 వోల్టులంటాడు, ఒకడు 20 అంటాడు. రెండింటిలోనూ వరసగా ఉన్నవి ఐదు సెల్సే. సగటున 3.6 చొప్పున లెక్కేస్తే 18, నిండా చార్జి అయినప్పుడు సుమారు 4 చొప్పున లెక్కేస్తే 20. మొదటి మిషను కొన్నామంటే బ్యాటరీకి కట్టుబడిపోయినట్టే, తర్వాతివన్నీ ఆ కంపెనీవే కొనాలి. ఇలా ఉండాల్సిన పని లేదు. హ్యామరు డ్రిల్లుకు పెట్టే ఎస్‌డీఎస్ బిట్టు పద్ధతిని 1975లో బోష్ తెచ్చింది, ఇవాళ ఏ కంపెనీ ఎస్‌డీఎస్ ప్లస్ బిట్టయినా ఏ కంపెనీ ఎస్‌డీఎస్ ప్లస్ మిషనులోనైనా పడుతుంది. బ్యాటరీ కూడా అలా కావాలి. జర్మనీ మెటాబో 2018లో ఇతర కంపెనీలను కలుపుకుని ఒకే బ్యాటరీ వాడే కూటమి కట్టింది కూడా. ఆ మార్గంలోకి మిగతావాళ్లూ రావాలని మా డిమాండు.

ప్రాణం సంగతి ఒకటి ఉంది. ప్లేయరు పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన అది కరెంటును ఆపదు. ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అన్న రాత ఉంటేనే లైను మీద పనికి తయారైనది. నాలుగంగుళాల డిస్కు మీద గరిష్ఠ వేగం నిమిషానికి 15 వేల చుట్లకు పైనే రాసి ఉంటుంది. ఆ రాతే లేని డిస్కును చేత్తో ముట్టకండి. నడిమి ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటే అదీ చూడండి. ఇక్కడ మన తప్పూ ఉంది. గార్డు పీకేసి, గ్రైండరుకు కట్టె కోసే పళ్ల బ్లేడు బిగించి, చెయ్యి తెగాక కంపెనీని అనడం న్యాయం కాదు. గార్డు తీసినవాడి ఫిర్యాదు చిట్టాలోకి ఎక్కదు.

చట్టం మనవైపు ఉందని చాలామందికి తెలియదు. మిషనుతో సంపాదిస్తున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదని షాపువాడు అంటే నమ్మకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని వాడుకునేవాడు వినియోగదారుడేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాసి ఉంది. ఐదు లక్షల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. కావాల్సిందల్లా బిల్లు, దాని మీద సీరియల్ నంబరు. జీఎస్టీ మిగులుతుందని బిల్లు వదులుకున్నవాడు హక్కునూ అక్కడే వదులుకున్నాడు.

ప్రభుత్వాన్నీ అడుగుతున్నాం. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులకు పనిముట్ల కోసం 15 వేల రూపాయల వోచరు ఉంది. వడ్రంగి, కమ్మరి, తాపీమేస్త్రీ ఆ జాబితాలో ఉన్నారు. ఎలక్ట్రీషియన్, ప్లంబరు లేరు. వాళ్లనూ చేర్చాలి. ఆ డబ్బుతో ఏ కంపెనీ వస్తువు అన్నది టెండరు కాదు, వాడేవాడు నిర్ణయించాలి. మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022లో ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు ఉన్నాయి; పవర్ టూల్స్‌ను విడిగా పేర్కొనలేదు. పేర్కొనాలి. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. మన చిట్టాలో అనుమానం తేలిన పానాను అక్కడ గట్టిదనం పరీక్ష చేయించుకునే వీలు తక్కువ రుసుముకు కల్పించాలి.

మేస్త్రీలారా, అన్నలారా, ఐటీఐలో ఇప్పుడే చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సంఘానికి పేరు ఇంకా పెట్టలేదు, అది మొదటి సమావేశంలో చూసుకుందాం. మీ ఇంట్లో మంచం కింద పాడైపోయిన మిషను ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాని మోడలు నంబరు, కొన్న నెల, పోయిన భాగం ఒక కాగితం మీద రాసి, మిషనుతో సహా మీ వైండింగ్ షాపుకు పట్టుకురండి. చిట్టాలో మొదటి వరస అదే అవుతుంది.