మారవలసినది బిళ్ళ మాత్రమేనా?

సూరత్ కార్యాలయాలలో బంట్రోతును గుజరాతీలో 'పటావాళా' అందురు. పటో అనగా నడికట్టు. మన 'బిళ్ళబంట్రోతు' వంటి మాటయే అది. రెండును ధరించిన గుర్తును చెప్పునే గాని, చేసెడి పనిని చెప్పవు.

కేంద్ర సర్వీసులలో నాలుగవ తరగతి 1970వ దశకములో గ్రూపు 'డి' అయినది. ఆరవ వేతన సంఘము సిఫార్సుల పిదప, 2008లో, అదియు గ్రూపు 'సి'లో కలిసినది. రైల్వే గ్యాంగ్‌మన్ ట్రాక్ మెయింటెయినర్ అయినాడు. తపాలా ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు 2001లో గ్రామీణ డాక్ సేవక్ అయినాడు. ఆయనది సివిల్ పదవియేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పినది. అయినను ఏడవ వేతన సంఘము కాలమునను ఆయన భత్యమును వేరొక కమిటీయే పరిశీలించినది.

గౌరవప్రదమైన పేరు మన హక్కు. కాని వేతనమును, హోదాను మార్చని పేరు మరొక బిళ్ళ మాత్రమే. సోదరులారా, ముందు మన సంఘ సభలలోనే 'క్రింది ఉద్యోగి' అను మాట మానుదము. పిదప ప్రభుత్వమును నిలదీయుదము.