తలుపునకు అంటించిన న్యాయము

అప్పు చేసినవాడు తీర్చవలెను. ఈ మాటను కాదనువారు లేరు, మేమును కాదనము. కాని ప్రతివాది మాట వినకయే పుట్టిన డిక్రీని న్యాయమని యెట్లు పిలువగలము?

ప్రామిసరీ నోటుపై దావా పడును. కోర్టు బంట్రోతు సమను తెచ్చునప్పటికి ప్రతివాది కూలికై పొరుగూరు పోయియుండును. తగిన ప్రయత్నము చేసియు మనిషి దొరకనిచో సమనును వీధితలుపునకు అంటింపవచ్చునని సివిల్ ప్రొసీజరు కోడు 5వ ఆర్డరు 17వ రూలు చెప్పుచున్నది. ఆ ప్రయత్న మెంతటిదో చదువరు లూహింపగలరు. కాగితము గాలికి పోవును. వాయిదానాడు పిలుపు, గైరుహాజరు, ఏకపక్షపు డిక్రీ! ఇచ్చిన సొమ్ము నోటు వెనుక చెల్లు వేయలేదనియో, వ్రాయని కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనిరనియో చెప్పుకొనుట కాతనికి తావే లేదు. అసలు, వడ్డీ, ఖర్చులు, అవతలి వకీలు ఫీజు అన్నియు మెడకు చుట్టుకొనును. (మా వృత్తివారి ఫీజు మాత్రము ఏ డిక్రీలోను మరువబడదు.)

ఆ డిక్రీ ఆయువు 12 సంవత్సరములు. వంటపాత్రలు, కట్టుబట్టలు, రైతు యెడ్లు, పనివాని పనిముట్లు జప్తు చేయరాదని 60వ సెక్షను కనికరించినది. మరి జీతగానికో? మొదటి 1,000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును విడిచి తక్కినది పట్టవచ్చును. 15,000 రూపాయల గుమాస్తాకు నెలకు 4,667 రూపాయలు పోవును; ఇట్లు 24 నెలలు. ఈ వేయి రూపాయల గీత 2002లో అమలునకు వచ్చినది. నేడు వేయి రూపాయలతో ఒక సంసారము నెల గడుపుకొనునా?

ఇక చెర. 5,000 రూపాయలు మించిన డిక్రీకి 3 నెలలవరకు సివిలు జైలు. ఉండియు ఎగవేయువానికే గాని లేనివానికి కాదని 1936 నాటి సవరణ నిర్ణయించినది. 1980లో సుప్రీంకోర్టున జస్టిస్ కృష్ణయ్యరుగారు మరల గట్టిగా చెప్పిరి. అయినను వారంటను మాట గడప త్రొక్కినంతనే ఇల్లాలి పుస్తెలు తాకట్టునకు పోవును. జైలులో ఋణస్థుని బత్తెము డిక్రీదారు కట్టును. అదియు దావా ఖర్చులలో చేరును. తిన్న జైలుకూడును అప్పే! విడుదలయైనను అసలు అప్పు తీరదు.

పరపతి చెడునని వాదించువారున్నారు. 1932 అక్టోబరునకు పూర్వపు రైతుఋణములపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని చెన్నరాజధానిలో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1938 చట్టముతో కొట్టివేసెను. అంతటితో అప్పిచ్చువారు లేకపోలేదు.

మేమిప్పుడు కోరునది అంత కూడ కాదు. సమను అంటించిన బంట్రోతును న్యాయాధిపతి ప్రమాణముపై ప్రశ్నింపవలెను. 19వ రూలు ఆ యధికారము నిచ్చియే యున్నది. జీతపు గీతను ధరలతోపాటు పెంచవలెను. పఠనమందిరములలో దీనిని చదువు సోదరులు తమ వీధిలో ఏ తలుపుననైన కోర్టు కాగితము చూచినచో ఆ యింటివారికి వాయిదా తేదీ చదివి చెప్పుదురుగాక. సమను సరిగా అందకయే డిక్రీ అయియున్నచో, సంగతి తెలిసిన నాటినుండి 30 దినములలో రద్దుకై దరఖాస్తు పెట్టవచ్చునని కూడ చెప్పుదురుగాక.