వాహనానికి ఋణమిచ్చి పైకప్పును మరువరాదు

పంటను మార్కెట్టుకు చేర్చే చిన్న రవాణా వాహనానికి ఋణం మంజూరు చేసేటప్పుడు మేము ఇంజను సామర్థ్యం చూస్తాము. ఎంత బరువు మోయగలదో చూస్తాము. ఋణగ్రహీత వాయిదాలు చెల్లించగల స్తోమతను లెక్కగడతాము. కాని ఆ వాహనంలో పోయే సరుకు నెత్తిన ఏమి కప్పుతారో మాత్రం అడగము. ఈ లోపాన్ని నేను ఇతరులపై మోపడం లేదు. ఆ పొరపాటు స్వయంగా చేసినవాడిని కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం పల్నాడు ప్రాంతపు మిర్చి రైతు ఒకరు పికప్ వాహనానికి దరఖాస్తు చేసుకున్నారు. డీలరు ఇచ్చిన కొటేషనులో వాహనం ధర, బీమా, రిజిస్ట్రేషను ఖర్చులతో పాటు ఇనుప కమానులపై అమర్చే మడత టాపు ధరను కూడ విడిగా చూపారు. అది అలంకార సామగ్రి వంటిదని భావించి, అంచనాలోని ఆ పంక్తిని నేను కొట్టివేశాను. "పోనీలెండి సార్, ఇంట్లో బరకం ఉన్నది, దానితో నెట్టుకొస్తాను" అన్నారాయన.

ఆ మరుసటి ఏప్రిల్‌లో గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తీసుకువెళుతుండగా దారిలో గాలివాన పట్టుకున్నది. కల్లంలో కప్పే ఆ పాత పట్టాకు ముందువైపు తాడు తెగి, అది పైకి లేచిపోయినది. పై వరుస టిక్కీలన్నీ తడిశాయి. యార్డులో కొనుగోలుదారులు తడిసిన కాయకు ధర తగ్గించారు. ఆ సంవత్సరపు వాయిదా కట్టడానికి ఆయన బయట వడ్డీకి అప్పు తెచ్చారని నాకు చాల ఆలస్యంగా తెలిసినది. మా పుస్తకాలలో ఆ ఖాతా సక్రమంగానే కనిపించినది. ఋణం సద్వినియోగమైనదని తనిఖీ నివేదికలో వ్రాసినవాడిని కూడ నేనే.

పంట ధరను నిర్ణయించడంలో తేమ పాత్ర ఎంతటిదో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వ సేకరణలో వరి ధాన్యానికి తేమ 17 శాతం మించరాదు. భారత ప్రత్తి సంస్థ మద్దతు ధరకు కొనే ప్రత్తిలో తేమ 8 శాతం దాటినకొద్దీ ధర తగ్గుతుంది. 12 శాతం దాటితే కొనుగోలే ఉండదు. తడిసిన మిర్చికి బూజు పడుతుంది. బూజు వలన అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఏర్పడే ప్రమాదమున్నది గనుక ఎగుమతిదారులు అటువంటి సరుకును దరిచేరనీయరు. రోజుల తరబడి కల్లంలో ఆరబెట్టిన శ్రమను దారిలో అరగంట వాన తుడిచివేయగలదు. ఉదాహరణకు 15 క్వింటాళ్ళ మిర్చిపై క్వింటాలుకు 1,000 రూపాయలు తగ్గినా, ఒక్క ప్రయాణంలో 15,000 రూపాయలు పోయినట్లే.

వాన భయం మనకు ఒక్క ఋతువుకు పరిమితం కాదు. మార్చి నుండి మే వరకు అకాల వర్షాలు మిర్చిని, పసుపును వెంటాడుతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానులు వరిని, ప్రత్తిని దెబ్బతీస్తాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను సరిగ్గా వరి కోతల సమయంలోనే వచ్చినది.

ఇక కప్పును ఎంచుకోవడం ఎట్లా? మన ప్రాంతంలో ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి. మొదటిది సరుకుపై విడి పట్టా పరచి తాళ్ళతో బిగించడం. దీనికి ఖర్చు తక్కువ. కాని పట్టా మధ్యలో గుంట పడి నీరు నిలుస్తుంది. 2.7 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు గల తొట్టిపై 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే దాని బరువు సుమారు 230 కిలోలు. అందులో సగం నిలిచినా అతుకులు విచ్చుకుంటాయి, నీరు సరుకులోకి దిగుతుంది. మూడవది నాలుగు వైపులా శాశ్వతంగా మూసిన పెట్టె బాడీ. వానకు ఇది భద్రమైనదే. కాని దాని బరువు మేరకు మోయగల సరుకు తగ్గుతుంది, గాలి ఆడదు, గడ్డి వంటి ఎత్తైన సరుకు వేయడానికి వీలు పడదు.

ఈ రెంటికీ నడుమ ఉన్నది కమానులపై వేసే మడత టాపు. కమానుల వంపు వలన నీరు రెండు ప్రక్కలకు జారిపోతుంది. అవసరం లేనప్పుడు దానిని మడిచి క్యాబిను వెనుకకు చేర్చవచ్చును. ఒకనాడు మిర్చి, మరొకనాడు ఎరువుల బస్తాలు, ఇంకొకనాడు ఇటుకలు మోసే మన రైతుకు ఇదే అనువైనదని నా అభిప్రాయము.

టాపు కొనేవారు కొన్ని విషయాలు స్వయంగా పరీక్షించుకోవాలి. బట్ట ఎన్ని పొరలని, ఎన్ని మైక్రాన్లని దుకాణదారు చెప్పే లెక్కకన్న చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని అడగడం మేలు. ఆ మాటను త్రాసుపై సరిచూసుకోవచ్చును. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పట్టా సుమారు 20 చదరపు మీటర్లు. అది 250 గ్రాముల రకమైతే 5 కిలోలు తూగాలి. నాలుగు కిలోలు కూడ తూగకపోతే చెప్పిన మాట నిజం కాదు. ప్లాస్టిక్ దారపు నేత పట్టాలకు ఐ.ఎస్. 7903 అనే భారతీయ ప్రమాణం ఉన్నది. ఆ ముద్ర ఉన్నదేమో చూడాలి. ఎండను తట్టుకొనే రసాయనం కలపని ప్లాస్టిక్ పట్టా మన వేసవికి త్వరగా పెళుసెక్కుతుంది. పి.వి.సి. పూత పూసిన బట్ట బరువైనది, ధర ఎక్కువ, మన్నిక కూడ ఎక్కువ. మైనం పట్టించిన నూలు కాన్వాసుకు గాలి ఆడుతుంది గాని తడిగా మడిచిపెడితే కుళ్ళిపోతుంది.

బట్టకన్న ముందు చెడేది కుట్టు. సూది గుచ్చిన ప్రతి రంధ్రమూ నీటికి దారియే. వేడితో అతికించిన అతుకు మేలు. కుట్టు తప్పనప్పుడు దానిపై మరొక పొర అతికించమని కోరాలి. అతుకు పై అంచు వాహనం వెనుకకు తిరిగి ఉండాలి. ముందుకు ఉంటే ఎదురుగాలి దానిని లేపుతుంది. ప్రక్క తెరలు తొట్టి పలకలకు వెలుపలగా వ్రేలాడాలి. లోపలికి దోపితే, జారిన నీరంతా సరుకు అడుగునకే చేరుతుంది. కమానుల కొసలు, పలకల మూలలు బట్టను ఒరుసుకొనే చోట పాత ట్యూబు ముక్కలు చుట్టాలి. నైలాను తాడు తడిస్తే సాగుతుంది కనుక వానలో కొంత దూరం పోయిన తరువాత ఆగి మరల బిగించాలి. సొమ్ము చెల్లించే ముందు టాపు వేయించి, అతుకుల మీద నాలుగు బిందెల నీరు పోయించి, లోపల నిలబడి చూడండి. టొమాటో, ఆకుకూరల వంటివి తీసుకువెళ్ళేవారు వాన లేనప్పుడు వెనుక తెర ఎత్తి ఉంచాలి, లేకపోతే సరుకు ఉక్కకు చెడుతుంది.

మరొక జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ విభాగం ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. పెట్టె బాడీ కట్టించాలన్నా, ఎత్తైన చట్రాన్ని శాశ్వతంగా బిగించాలన్నా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించాలి. బీమా సంస్థకు, ఋణమిచ్చిన బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలపాలి.

టాపు బట్ట రెండు మూడేళ్ళకు చిరిగిపోతుంది, ఋణమేమో ఐదేళ్ళు నడుస్తుంది, అరిగిపోయే వస్తువుకు దీర్ఘకాలిక ఋణమెందుకని నా సహోద్యోగులు కొందరు అడుగుతారు. ఈ అభ్యంతరాన్ని త్రోసిపుచ్చలేము. కాని టైర్లు కూడ అరిగేవే. టైర్లు లేని వాహనానికి మనము ఋణమివ్వము గదా. ఇనుప కమానులు వాహనంతో పాటు మన్నుతాయి. కనుక కమానులను, మొదటి టాపును వాహనం ఖరీదులో చేర్చి, బట్ట మార్పిడిని టైర్ల మాదిరిగానే వార్షిక నిర్వహణ వ్యయంలో లెక్కించవచ్చును. దీనికి కొత్త పథకమేదీ అక్కరలేదు. ముద్రా ఋణంలోనైనా, మామూలు వాహన ఋణంలోనైనా అంచనా పట్టికలో ఒక పంక్తి చేరిస్తే చాలును.

డీలరు మిత్రులకు ఒక మనవి. టాపును ఉచిత కానుకగా చూపి పలుచని బట్ట అంటగట్టవద్దు. బట్ట రకం, గ్రాముల బరువు, కమానుల సంఖ్య, ధర కొటేషనులో విడిగా వ్రాయండి. రైతు సోదరులారా, ఆ పంక్తి లేని కొటేషనును తిప్పి పంపండి. నావంటి అధికారి ఎవరైనా దానిని కొట్టివేయబోతే, కారణమేమిటని నిస్సంకోచంగా అడగండి. ఆనాడు ఆ రైతు నన్ను అడగలేదు. అడిగి ఉంటే నా వద్ద సమాధానం ఉండేది కాదు.