మొదట కనిపించిన చోటే పుట్టినట్టా?

2021 మే మొదటి వారంలో ‘ఏపీ స్ట్రెయిన్’ అనే మాట టీవీల్లోనూ వాట్సాప్‌లోనూ హోరెత్తింది. కర్నూలులో పుట్టిందట, మామూలు కరోనా వైరస్ కంటే పదిహేను రెట్లు ప్రమాదకరమట. ఆ వారమే ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధించింది. అప్పటికి డెల్టా వేరియంట్ ధాటికి ఆక్సిజన్ అందక అల్లాడుతున్నది ఆ ఢిల్లీయే!

ఆ ‘ఏపీ స్ట్రెయిన్’ అసలు పేరైన ఎన్440కె కొత్తదేమీ కాదని, 2020 నుంచే దక్షిణాదిలో ఉందని, అప్పటికే తగ్గుముఖం పట్టిందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఎవరూ చెవికెక్కించుకోలేదు. నిజానికి అది వేరియంటే కాదు, స్పైక్ ప్రొటీన్‌లో 440వ స్థానంలో జరిగిన ఒకే ఒక్క మార్పు. అదే మార్పు తర్వాత వచ్చిన ఒమిక్రాన్ వేరియంట్‌లోనూ ఉంది. దాన్ని మాత్రం ఎవరూ కర్నూలుకు అంటగట్టలేదు.

ఇలాంటి పొరపాటుకు మూలం వేరియంట్ల మ్యాపు తయారయ్యే తీరులోనే ఉంది. పాజిటివ్ వచ్చిన ప్రతి స్వాబ్‌నూ సీక్వెన్సింగ్ చేయరు. వైరస్ ఎక్కువగా ఉన్న, అంటే సీటీ విలువ తక్కువగా ఉన్న శాంపిళ్లను ఏరి, చల్లదనం చెడకుండా ల్యాబ్‌కు చేర్చి, దాదాపు 30 వేల అక్షరాల జన్యుక్రమాన్ని చదవాలి. ఫలితం చేతికొచ్చేసరికి ఒక్కోసారి వారాలు దాటుతాయి. 2020 డిసెంబరులో కరోనా సీక్వెన్సింగ్ కోసం పది ల్యాబ్‌లతో మొదలైన జాతీయ కూటమి ఇన్సాకాగ్, పాజిటివ్‌లలో 5 శాతాన్ని పరీక్షించాలనుకుంది. రెండో వేవ్ ముంచుకొచ్చేనాటికి ఆ దరిదాపులకైనా చేరలేదు. ఆ పదిలో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ హైదరాబాద్‌వే. వెతికేవాళ్లు ఉన్నచోట మ్యాపు మీద చుక్కలు పడతాయి, లేనిచోట ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసి అక్కడ వైరస్ లేదనుకుంటాం.

వెతికి పట్టుకున్నందుకే దక్షిణాఫ్రికా పెద్ద మూల్యం చెల్లించింది. కొన్ని పీసీఆర్ పరీక్షల్లో స్పైక్‌కు చెందిన ఎస్ జన్యువు జాడ కనబడకపోవడాన్ని అక్కడి ల్యాబ్‌లు పసిగట్టి, వెంటనే సీక్వెన్సింగ్ చేసి, 2021 నవంబరు చివరి వారంలో కొత్త వేరియంట్ సంగతి ప్రపంచానికి చెప్పాయి. 26న డబ్ల్యూహెచ్‌ఓ దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టేలోపే విమానాలు ఆగడం మొదలైంది. ఆనక చూస్తే, నెదర్లాండ్స్‌లో 19నే తీసిన ఒక శాంపిల్‌లోనూ అది దొరికింది. డిసెంబరు 2న బెంగళూరులో బయటపడ్డ తొలి రెండు కేసుల్లో ఒకరు ఆమధ్య విదేశీ ప్రయాణమేదీ చేయని డాక్టరు. ముందుగా చెప్పినవాడికి శిక్ష పడుతుందంటే, రేపు ఏ ఆరోగ్య శాఖ నోరు విప్పుతుంది?

మ్యాపులోని ఈ ఖాళీలను పూడ్చడానికి, పరీక్షకు ఎవరొస్తారన్న దానితో పనిలేని దారి ఒకటుంది: మురుగునీరు. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు కలిసి హైదరాబాద్ మురుగుశుద్ధి కేంద్రాల శాంపిళ్లను పరీక్షించి, అంతకుముందు 35 రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టాయి. ఇప్పుడు జలుబు చేస్తే ఆర్‌టీపీసీఆర్‌కు వెళ్లేవాళ్లే అరుదు కాబట్టి ఈ పద్ధతికి విలువ పెరిగింది. కానీ ఇది భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరానికే చక్కగా కుదురుతుంది. సెప్టిక్ ట్యాంకులే దిక్కయిన పల్లెల్లో వేరియంట్ జాడ తెలియాలంటే, జ్వరమొచ్చినవాళ్ల స్వాబ్‌లు కొన్నయినా క్రమం తప్పకుండా పీహెచ్‌సీ నుంచి ల్యాబ్‌కు చేరుతుండాలి.